కిడ్నీ రోగికి ‘బలం మాత్ర’: రిపోర్టులో అంకె మారితే మనిషి బాగుపడ్డట్టేనా?

మెడికల్ షాపు కౌంటరు దగ్గర రోజూ వినిపించే మాటే ఇది: “నీరసంగా ఉంటోందండీ, బలానికి ఏదైనా మాత్ర ఇవ్వండి.” షాపతను చేతికందిన మల్టీవిటమిన్ స్ట్రిప్ ఒకటి తీసి ఇస్తాడు. కిడ్నీలు బాగున్న మనిషికి దానివల్ల పెద్ద మేలూ ఉండదు, పెద్ద కీడూ ఉండదు. బి, సి విటమిన్లు ఎక్కువైతే మూత్రంలో పోతాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల దగ్గర ఈ ధీమా చెల్లదు. పోవాల్సినవి కొన్ని ఒంట్లోనే పేరుకుంటాయి. ఉండాల్సినవి కొన్ని డయాలసిస్ నీళ్లలో కొట్టుకుపోతాయి. పైగా లోపం ఉందో లేదో చెప్పాల్సిన రక్తపరీక్షల అంకెలు కూడా కిడ్నీ జబ్బులో అర్థం మార్చుకుంటాయి.

అంకె తగ్గగానే మేలు జరిగిందనీ, పెరగగానే ముప్పు వచ్చిందనీ అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. కిడ్నీ వైద్యంలో అంకె చక్కబడి కూడా రోగి పరిస్థితి అంతకంతకూ దిగజారిన ఉదాహరణలు ఉన్నాయి. అవేమిటో, వాటిని బట్టి ఏ విటమిన్ వేసుకోవచ్చో, ఏది వేసుకోకూడదో చూద్దాం.

క్రియాటినిన్ 1.2 అందరికీ ఒకటి కాదు

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ దాన్ని వడగట్టి బయటికి పంపాలి. కండ ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ, బక్కపలచని వాళ్లకు తక్కువ. అందుకే వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి ఇజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడగడుతోందో చెప్పే అంచనా) లెక్కగడతారు. 2021 సూత్రం ప్రకారం చూస్తే, క్రియాటినిన్ 1.2 ఉన్న 30 ఏళ్ల మగమనిషికి ఇజీఎఫ్‌ఆర్ 83 వస్తుంది. అదే 1.2 ఉన్న 68 ఏళ్ల ఆమెకు 49. అంటే ఆమె ఇప్పటికే మూడో దశలో ఉంది. రిపోర్టులో మాత్రం ఇద్దరి అంకె పక్కనా ‘నార్మల్’ అనే ఉండొచ్చు. ఇజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగా కనీసం మూడు నెలలు కొనసాగితే దీర్ఘకాలిక జబ్బు అంటారు. 30 కంటే దిగితే నాలుగో దశ, 15 కంటే దిగితే ఐదో దశ.

మూత్రంలో స్ట్రిప్ ముంచి ప్రోటీన్ లేదని తేల్చి పంపేయడమూ సరిపోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, ఏళ్ల తరబడి కనిపిస్తున్న కిడ్నీ జబ్బు చాలామందిలో షుగర్ లేకుండానే, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే ముదురుతుంది. దాని మూలకారణం ఇప్పటికీ తేలలేదు. అలాంటిచోట రక్తంలో క్రియాటినిన్ చూడకుండా జబ్బు బయటపడదు.

డయాలసిస్‌కు వెళ్లేవాళ్లలో ఇదే క్రియాటినిన్ తలకిందులుగా చదవాలి. డయాలసిస్‌కు ముందు తీసిన రక్తంలో క్రియాటినిన్ ఆరు నెలల్లో 9 నుంచి 5.5కి దిగిందనుకోండి. ఇంట్లో వాళ్లు సంబరపడతారు. డయాలసిస్ గంటలేమీ పెరగకుండా, మూత్రం ఎక్కువవకుండా ఇలా దిగితే మాత్రం కండ కరిగిపోతోందని అర్థం. చొక్కా వదులవడం, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) 4 నుంచి 3కి జారడం దానికి తోడుగా కనిపిస్తాయి. అలాంటప్పుడు కావాల్సింది తిండి, అందులోనూ ప్రోటీన్. విటమిన్ మాత్ర వల్ల ఒరిగేదేమీ ఉండదు. ‘పప్పు మానేయండి, గుడ్డు మానేయండి’ అని డయాలసిస్‌కు ముందు రోజుల్లో విన్న సలహానే డయాలసిస్ మొదలైన తర్వాత కూడా పట్టుకుని వేలాడేవాళ్లు చాలామంది. డయాలసిస్ రోగికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అవసరం. 60 కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు. రెండు గుడ్లలో వచ్చేది పన్నెండు, పదమూడు గ్రాములే.

రక్తం తక్కువ: ఐరన్ ఉన్నా అందని వైనం

కిడ్నీ జబ్బులో నీరసానికి మొదటి ముద్దాయి హీమోగ్లోబిన్. మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 12 కంటే తగ్గితే రక్తహీనత. ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోను కిడ్నీలోనే పుడుతుంది కాబట్టి, కిడ్నీ చెడితే ఆ హార్మోను తగ్గుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కంతా ఐరన్ దగ్గర.

ఒక రిపోర్టు ఇలా ఉందనుకుందాం: హీమోగ్లోబిన్ 8.6, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది) 380, సీరం ఐరన్ 42, టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్‌ను మోయగలదో చెప్పేది) 240. ఫెరిటిన్ 380 చూసి “ఐరన్ బోలెడుంది, మాత్ర ఆపేయండి” అనే వాళ్లుంటారు. ఆగి ఒక్క భాగహారం చేయాలి. 42ని 240తో భాగించి వందతో గుణిస్తే 17.5 శాతం. దీన్నే టీశాట్ అంటారు. ఐరన్‌ను మోసుకెళ్లే బండ్లలో ఎన్ని నిండి ఉన్నాయో చెప్పే లెక్క ఇది. ఆరోగ్యవంతుల్లో 20 నుంచి 45 మధ్య ఉంటుంది. ఈ రోగికి గోదాములో సరుకుంది, బండ్లు మాత్రం ఖాళీగా తిరుగుతున్నాయి. ఎందుకంటే ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది గోదాము తలుపులు మూసేస్తుంది, పేగులోంచి ఐరన్ లోపలికి రానివ్వదు కూడా. కిడ్నీ జబ్బులో హెప్సిడిన్ బయటికి పోయే దారి కూడా తగ్గుతుంది. ఇక ఫెరిటిన్ జ్వరానికీ, పుండుకీ, క్యాథెటర్ దగ్గర చీముకీ ఊరికే పెరిగే పదార్థం. అందుకే ఫెరిటిన్ ఒక్కటే చూసి ఐరన్ ఉందని తేల్చడం తప్పు.

2012లో వచ్చిన కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ మార్గదర్శకాలు టీశాట్ 30 శాతం లోపు, ఫెరిటిన్ 500 లోపు ఉంటే ఐరన్ ఇచ్చి చూడమన్నాయి. డయాలసిస్ వాళ్లకు నరం ద్వారా ఇస్తారు. డయాలసిస్ దాకా రానివాళ్లకు ఒకటి నుంచి మూడు నెలలు మాత్రలతో ప్రయత్నించవచ్చు. జ్వరం, చీము ఉన్నప్పుడు నరం ద్వారా ఐరన్ ఎక్కించరు. బాక్టీరియాకు కూడా ఐరన్ కావాలి మరి. ఎక్కించిన వారంలోపే మళ్లీ పరీక్ష చేయిస్తే అంకెలు ఉబ్బిపోయి కనిపిస్తాయి. కనీసం వారం ఆగాలి.

మాత్ర వేసుకునేవాళ్లు చేసే పొరపాటు ఇంకోటి. భోజనంతో పాటు కాల్షియం కార్బొనేట్ మాత్ర (ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి ఇచ్చేది), దాంతోనే ఐరన్ మాత్ర, మీద ఒక కప్పు టీ. అప్పుడు ఐరన్ దాదాపు అక్కరకు రాదు. కాల్షియం, టీ రెండూ దాన్ని అడ్డుకుంటాయి. ఐరన్‌కూ వీటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఫాస్ఫరస్ కోసం ఇచ్చిన కాల్షియం మాత్ర మాత్రం అన్నం తినేటప్పుడే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే అది ఫాస్ఫరస్‌ను పట్టదు, రక్తంలోకి కాల్షియంగా ఎక్కుతుంది.

హీమోగ్లోబిన్‌ను ఎంతవరకు లాగాలన్నది మరో పాఠం. ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు వచ్చిన కొత్తలో ‘నార్మల్ చేసేస్తే పోలా’ అనుకున్నారు. 2006లో వెలువడిన చాయిర్ అనే పరిశోధనలో ఒక గుంపును 13.5 దాకా, మరో గుంపును 11.3 దాకా తీసుకెళ్లాలని చూశారు. 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలోనే గుండె ఇబ్బందులు, మరణాలు ఎక్కువయ్యాయి. 2009లో ట్రీట్ పరిశోధనలో పక్షవాతం ముప్పు రెట్టింపు కావడం కనిపించింది. అప్పటి నుంచి 10 నుంచి 11.5 మధ్య ఉంచితే చాలంటున్నారు, 13 దాటనివ్వొద్దంటున్నారు. ఇంజెక్షన్ వేయించుకుంటున్న మనిషి “ఇంకా నార్మల్‌కి రాలేదేంటి” అని అడిగితే, రాకుండా ఆపుతున్నారన్నదే జవాబు.

ఇంజెక్షన్ డోసు పెంచుతున్నా హీమోగ్లోబిన్ కదలకపోతే బి12, ఫోలేట్, థైరాయిడ్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను), ఎక్కడైనా రక్తం పోవడం, దాగి ఉన్న ఇన్‌ఫెక్షన్ వరుసగా వెతకాలి. డోసు ఇంకా పెంచడం ఆఖరి మాట.

హోమోసిస్టీన్ కథ

‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల్లో ఈ మధ్య తరచూ కనిపిస్తున్న అంకె హోమోసిస్టీన్. ఒంట్లోనే తయారయ్యే ఒక అమినో ఆమ్లం ఇది. మామూలుగా 15 మైక్రోమోల్స్ లోపు ఉండాలి. డయాలసిస్ రోగుల్లో అత్యధికులకు 20, 30 ఉంటుంది. హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువ అన్నది నిజమే. ఫోలిక్ యాసిడ్, బి6, బి12 ఇస్తే అది తగ్గుతుందన్నదీ నిజమే. ఈ రెండు నిజాలను కలిపి ‘కాబట్టి బి విటమిన్లు ఇస్తే గుండె బాగుంటుంది’ అని అల్లిన మూడో మాటే నిలబడలేదు.

అమెరికా వెటరన్స్ ఆసుపత్రుల్లో 2,056 మంది మీద జరిపిన హోస్ట్ పరిశోధన 2007లో వెలువడింది. ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు అందులో ఉన్నారు. రోజూ ఫోలిక్ యాసిడ్ 40 మిల్లీగ్రాములు, బి6 100 మిల్లీగ్రాములు, బి12 2 మిల్లీగ్రాములు ఇచ్చారు. హోమోసిస్టీన్ నాలుగో వంతు తగ్గింది. మరణాల్లో తేడా లేదు. గుండెపోటులోనూ లేదు.

2010లో కెనడా నుంచి వచ్చిన డివైన్ పరిశోధన ఇంకా ఇబ్బందికరం. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 238 మందిలో సగం మందికి ఫోలిక్ యాసిడ్ 2.5 మిల్లీగ్రాములు, బి6 25 మిల్లీగ్రాములు, బి12 1 మిల్లీగ్రాము ఇచ్చారు. మూడేళ్లలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకు కిడ్నీ వడపోత సగటున 10.7 తగ్గితే, విటమిన్ తీసుకున్నవాళ్లకు 16.5 తగ్గింది. గుండెపోటు, పక్షవాతం వంటివి కూడా వీళ్లలోనే దాదాపు రెట్టింపు. హోమోసిస్టీన్ మాత్రం చక్కగా దిగింది. అంకె బాగుంది, కిడ్నీ పోయింది.

2016లో చైనా నుంచి వచ్చిన ఫలితం దీనికి ఎదురు. బీపీకి ఎనాలప్రిల్‌తో పాటు కేవలం 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చినవాళ్లలో, అప్పటికే తేలికపాటి కిడ్నీ జబ్బున్నవాళ్లకు జబ్బు ముదరడం నెమ్మదించింది. తేడా ఎక్కడుంది? చైనాలో అప్పటికి పిండిలో ఫోలిక్ యాసిడ్ కలిపే అలవాటు లేదు, అంటే వాళ్లలో లోపం ఉంది. డోసు చిన్నది. బి12 కలపలేదు. కెనడాలో పిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలుపుతారు, డోసు పెద్దది, ఇచ్చిన బి12 సయనోకోబాలమిన్ రూపంలో ఉంది. కిడ్నీ చెడినవాళ్లలో సయనైడ్‌ను వదిలించుకునే శక్తి తక్కువ కాబట్టి ఆ రూపమే హాని చేసిందేమోనని కొందరు పరిశోధకుల అనుమానం. అది రుజువు కాలేదు. మా దృష్టిలో ఈ రెంటి నుంచి తీసుకోవాల్సింది ఇదీ: లోపం ఉన్నచోట చిన్న డోసు పనికొచ్చింది, లోపం లేనిచోట పెద్ద డోసు పనికిరాలేదు. కిడ్నీ రోగి హోమోసిస్టీన్ పరీక్షకు డబ్బు పెట్టాల్సిన అవసరం కూడా మాకు కనిపించదు. దాన్ని తగ్గించినా ఒరిగేది తేలనప్పుడు ఆ అంకె తెలిసి చేసేదేముంది?

ఇక బి12 లోపం. శాకాహారుల్లో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో ఇది నిజంగానే ఎక్కువ. రక్తంలో బి12 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోపమే, భర్తీ చేయాలి. అనుమానంగా ఉంటే మామూలుగా, బి12 తగ్గినప్పుడు పెరిగే మిథైల్ మలోనిక్ యాసిడ్ చూస్తారు. కిడ్నీ జబ్బులో బి12 లోపం లేకున్నా అది పెరుగుతుంది కాబట్టి ఇక్కడ ఆ పరీక్షను నమ్మి లాభం లేదు. బి12 సంగతి తేల్చకుండా 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగుతూ పోతే, రక్తం కొంత మెరుగుపడినట్టు కనిపిస్తుంది. నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

కాళ్ల తిమ్మిర్లకు ఇచ్చే ‘నరాల మాత్ర’ స్ట్రిప్‌ను తిప్పి వెనకవైపు చదవండి. మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాముల పక్కన చాలా బ్రాండ్లలో ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములు కూడా కలిసి ఉంటుంది. లేదా గాబాపెంటిన్ 300. నరాల నొప్పికి ఇచ్చే ఈ రెండు మందులూ కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. పోకపోతే మనిషి మత్తుగా పడి ఉంటాడు, చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయి, బాత్రూంకి వెళ్తూ తూలి పడతాడు. ఇంట్లోవాళ్లు ‘యూరియా తలకెక్కింది’ అనుకుంటారు. తలకెక్కింది విటమిన్ అనుకుని మింగిన మాత్ర.

డి విటమిన్: సాచెట్ వేరు, చిన్న క్యాప్సూల్ వేరు

డి విటమిన్ రెండు మెట్లలో తయారవుతుంది. ఎండ నుంచో మాత్ర నుంచో వచ్చిన కొలెకాల్సిఫెరాల్‌ను కాలేయం 25-హైడ్రాక్సీగా మారుస్తుంది. రిపోర్టులో కనిపించేది ఇదే. దాన్ని కిడ్నీ కాల్సిట్రియాల్‌గా మారుస్తుంది. పేగులోంచి కాల్షియంను లాగే అసలు పనివాడు అతనే. కిడ్నీ పాడైతే రెండో మెట్టు విరుగుతుంది. 25-హైడ్రాక్సీ 40 ఉన్నా కాల్సిట్రియాల్ అడుగంటవచ్చు. కాల్షియం తగ్గుతుంది, ఫాస్ఫరస్ పెరుగుతుంది, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్‌ను కుమ్మరించి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి.

అందుకే మందులూ రెండు రకాలు. షాపులో దొరికే 60,000 యూనిట్ల సాచెట్ లేదా క్యాప్సూల్ కొలెకాల్సిఫెరాల్. 25-హైడ్రాక్సీ 20 కంటే తక్కువున్నప్పుడు వారానికి ఒకటి చొప్పున 8 వారాలు, ఆ తర్వాత నెలకొకటి అన్నది వాడుకలో ఉన్న పద్ధతి. 0.25 మైక్రోగ్రాముల చిన్న క్యాప్సూల్ కాల్సిట్రియాల్. ఇది విరిగిన రెండో మెట్టుకు బదులు. రెంటినీ ‘డి విటమిన్’ అనే పిలుస్తారు కాబట్టి తారుమారు చేస్తుంటారు. చీటీలో వారానికి ఒకటని రాసిన సాచెట్‌ను రోజుకొకటి చొప్పున నెల రోజులు పాలల్లో కలిపి తాగేసేవాళ్లున్నారు. 60,000 ఇంటూ 30, మొత్తం 18 లక్షల యూనిట్లు. మలబద్ధకం, వాంతులు, విపరీతమైన దాహం, మాట తడబాటు మొదలవుతాయి. కాల్షియం 12, 13 దాటుతుంది, ఉన్న కాస్త కిడ్నీ కూడా కూలుతుంది. కాల్సిట్రియాల్ ఎక్కువై కాల్షియం పెరిగితే ఆపిన కొద్ది రోజుల్లో దిగుతుంది. సాచెట్లది అలా కాదు. అది కొవ్వులో దాగి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కసారే పొడిచే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. కిడ్నీ రోగి దానికి ఒప్పుకోకూడదు.

పీటీహెచ్ పెరిగిందనగానే కాల్సిట్రియాల్ మొదలుపెట్టడం కూడా ఇప్పుడు పాతబడిన పద్ధతి. 2017 కేడిగో సవరణ ప్రకారం డయాలసిస్‌కు రానివాళ్లకు దాన్ని రివాజుగా ఇవ్వకూడదు. నాలుగు, ఐదు దశల్లో పీటీహెచ్ తీవ్రంగా, ఆగకుండా పెరుగుతున్నవాళ్లకే. ఎందుకంటే ప్రైమో (2012), ఒపేరా (2014) పరిశోధనల్లో కాల్సిట్రియాల్‌కు దగ్గరి చుట్టమైన పారికాల్సిటాల్ ఇచ్చినా గుండె కండరం బాగుపడలేదు, కాల్షియం మాత్రం చాలామందిలో పెరిగింది. డయాలసిస్ వాళ్లలో పీటీహెచ్ నార్మల్‌కి తేవాలని చూడటమే తప్పు. ల్యాబ్ ఇచ్చే పై హద్దుకు రెండు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు ఉండొచ్చు. హద్దు 65 అయితే 130 నుంచి 585 దాకా అన్నమాట. 40కి దింపితే ఎముక పని మానేసి మొద్దుబారుతుంది. అప్పుడు కాల్షియం చేరాల్సిన ఎముకలో చేరక రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

కాల్షియం చదివేటప్పుడు ఆల్బుమిన్ పక్కన పెట్టుకోవాలి. కాల్షియం 8.2, ఆల్బుమిన్ 2.8 ఉంటే, 4లోంచి 2.8 తీసేసి 0.8తో గుణించి 8.2కి కలపాలి. 9.16. కంగారుగా కనిపించిన అంకె మామూలు అంకె అయింది. ఈ సవరణ కిడ్నీ రోగుల్లో అంత కచ్చితం కాదు, వీలుంటే అయొనైజ్డ్ కాల్షియం చూడటం మేలు. కనీసం ఈ లెక్క వేస్తే అక్కర్లేని కాల్షియం మాత్రలు తప్పుతాయి.

వంపేసిన నీళ్లలో పోయేవి

పొటాషియం ఎక్కువున్నవాళ్లకు ఆకుకూరలు, దుంపలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేయమని చెబుతారు. మంచి సలహానే. గిన్నెలోంచి సింకులోకి పోయే ఆ ఆకుపచ్చ నీళ్లలో పొటాషియంతో పాటు ఫోలేట్, సి విటమిన్, బి1 కూడా ఉన్నాయి. దానికి తోడు పండ్లు తగ్గించమంటారు, పాలు తగ్గించమంటారు, నోటికి రుచి ఉండదు. వారానికి రెండు మూడు సార్లు నాలుగేసి గంటల డయాలసిస్. నీళ్లలో కరిగే విటమిన్లు చాలావరకు ఫిల్టరు గుండా జారిపోతాయి. నీరు దిగడానికి ఫ్రూసెమైడ్ వాడుతుంటే బి1 మూత్రంలో ఇంకాస్త ఎక్కువ పోతుంది. కిడ్నీ రోగికి విటమిన్ మాత్ర ఇవ్వడానికి న్యాయమైన కారణం ఏదైనా ఉందంటే ఇదే. డయాలసిస్ మీద ఉండి, సరిగా తినక వాంతులవుతున్న మనిషికి ఉన్నట్టుండి మతి తప్పితే, కళ్లు అటూ ఇటూ ఊగితే, బి1 లోపం గుర్తుకు రావాలి. గ్లూకోజ్ ఎక్కించే ముందే బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి.

కిడ్నీ రోగుల కోసమే తయారైన విటమిన్ మాత్రల్లో కొలతలు ఇంచుమించు ఇలా ఉంటాయి: బి1 1.5 మిల్లీగ్రాములు, బి2 1.7, నియాసిన్ 20, బి6 10, ఫోలిక్ యాసిడ్ 0.8 నుంచి 1, బి12 6 మైక్రోగ్రాములు, సి 60 నుంచి 100 మిల్లీగ్రాములు. ఎ విటమిన్ ఉండదు. షాపులో అలాంటిది దొరక్కపోతే ఖనిజాలు, ఎ విటమిన్ కలవని సాదా బి-కాంప్లెక్స్‌ను లేబుల్ చూసి ఎంచుకోవడం దగ్గరి దారి. బి6 ఏళ్ల తరబడి రోజుకు 100 మిల్లీగ్రాముల పైన వాడితే అదే నరాలను చెడగొడుతుంది, కాబట్టి ఆ అంకె కూడా చూడాలి. డయాలసిస్ రోజున మాత్ర డయాలసిస్ అయ్యాకే వేసుకోవాలి. ముందు వేసుకుంటే చాలావరకు మిషన్ పాలు.

ఈ మాత్రలు ప్రాణం నిలుపుతాయా? 2004లో డాప్స్ అనే అంతర్జాతీయ పరిశీలనలో విటమిన్ తీసుకునే డయాలసిస్ రోగుల్లో మరణాలు 16 శాతం తక్కువగా కనిపించాయి. విటమిన్ కొనుక్కుని క్రమం తప్పకుండా వేసుకునేవాళ్లు మిగతా జాగ్రత్తలూ బాగానే తీసుకుంటారు కదా, కాబట్టి ఆ ఘనత మాత్రదేనని చెప్పలేం. అందరికీ కళ్లుమూసుకుని ఇవ్వమని 2020 అమెరికన్ మార్గదర్శకాలు కూడా చెప్పడం లేదు. తిండి సరిపోనివాళ్లకు ఇవ్వడం సబబంటున్నాయి, అంతే.

ఒంట్లోనే ఉండిపోయేవి

ఎ విటమిన్‌ను రక్తంలో మోసే ప్రోటీన్ కిడ్నీలోనే విచ్ఛిన్నమవుతుంది. కిడ్నీ లేకపోతే అది పేరుకుంటుంది, దాంతో ఎ విటమిన్ కూడా. డయాలసిస్ దాన్ని తీయలేదు. అందుకే మాత్ర వేసుకోకపోయినా వీళ్లలో అది ఎక్కువగానే ఉంటుంది. పైన మల్టీవిటమిన్‌లో 5,000 యూనిట్లు, కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్‌లో మరికొంత చేరిస్తే చర్మం పొడిబారి దురద పుడుతుంది, జుట్టు రాలుతుంది, ఎముకలు నొప్పెడతాయి, కాల్షియం పెరుగుతుంది. డయాలసిస్ వాళ్లకు ఇవన్నీ ఎలాగూ ఉండే బాధలే కాబట్టి మాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు. జుట్టు రాలుతోందని ఇంకో విటమిన్ మొదలుపెడతారు.

సి విటమిన్ నీళ్లలో కరిగేదే. కానీ ఒంట్లో అది కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. కిడ్నీ బయటికి నెట్టలేని ఆక్సలేట్ స్ఫటికాలుగా కిడ్నీలోనే, గుండెలో, ఎముకల్లో దిగబడుతుంది. రోజుకు 75 నుంచి 90 మిల్లీగ్రాములు చాలు. జలుబుకు చప్పరించే 500 మిల్లీగ్రాముల మాత్రలు, నీళ్లలో వేస్తే బుస్సున పొంగే 1000 మిల్లీగ్రాముల మాత్రలు వీళ్లకు కావు. పొంగే మాత్రల్లో సోడియం కూడా ఒక్కోదానిలో రెండు మూడు వందల మిల్లీగ్రాములు ఉంటుంది. ఉప్పు లేకుండా పప్పు తిని ఈ నీళ్లు తాగడం ఏం లెక్క? కె విటమిన్ విషయంలో ఒకటే మాట: వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లు దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

‘సహజమైన బలం’ అని తాగే కొబ్బరినీళ్ల సంగతి కూడా ఇక్కడే. కొబ్బరితోటల ఉద్దానంలో ఇది మరీ గడ్డు మాట. పెద్ద గ్లాసు కొబ్బరినీళ్లలో 600 మిల్లీగ్రాముల దరిదాపు పొటాషియం ఉంటుంది. పొటాషియం 5.5 ఉన్న మనిషికి అది బలం కాదు.

పొటాషియం 6.2 అని రిపోర్టు వచ్చినప్పుడు ముందు ఈసీజీ తీసి, వెంటనే నమూనా మళ్లీ తీయాలి. రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మళ్లీ మళ్లీ మూసి తెరవమని సన్న సూదితో లాగితే, కండరంలోంచి కొంత బయటికొచ్చి, రక్తకణాలు పగిలి పొటాషియం అబద్ధంగా పెరుగుతుంది. అలాగని ‘ల్యాబ్ తప్పే’ అని ఇంటికి పోకూడదు. నిజమైన 6.2 గుండెను ఆపగలదు.

జుట్టు మాత్ర చేసే మాయ

బయోటిన్ కూడా ఒక బి విటమినే, విషం కాదు. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టు, గోళ్ల కోసం అమ్మే మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది, అది కిడ్నీ ద్వారా పోవాలి. చాలా ల్యాబుల్లో హార్మోను పరీక్షల యంత్రాలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ ఒకదానికొకటి అతుక్కునే గుణం మీదే నడుస్తాయి. రక్తంలో బయోటిన్ మరీ ఎక్కువగా తేలుతుంటే పరీక్షలో కలిపిన బయోటిన్‌కు చోటు దొరకదు. ఫలితం ఒక్కో పరీక్షలో ఒక్కోవైపు తప్పుతుంది. పీటీహెచ్, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. 25-హైడ్రాక్సీ డి, కొన్ని యంత్రాల్లో బి12, ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబరులో దీనిపై హెచ్చరిక జారీ చేసింది.

డయాలసిస్ రోగి ఒకామె రిపోర్టు ఇలా వచ్చిందనుకోండి: పీటీహెచ్ 700 ఉండేది 38కి పడింది, డి విటమిన్ 110. డి విటమిన్ ఎక్కువై పారాథైరాయిడ్ అణిగిపోయిందని చూడగానే అనిపిస్తుంది. కాల్సిట్రియాల్ ఆపేస్తారు. కానీ అదే కాగితం మీద ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక పని ఎక్కువైతే పెరిగేది) 410 ఉంది, కాల్షియం 8.4 ఉంది. డి విటమిన్ అంత ఉంటే కాల్షియం ఇంత తక్కువ ఉండదు. పీటీహెచ్ నిజంగా 38 అయితే ఎముక అంత ఉరుకులు పెట్టదు. ఈ రెండు పరీక్షలూ బయోటిన్ మీద ఆధారపడవు కాబట్టి వాటినే నమ్మాలి. ఆమెను అడగాల్సిన ప్రశ్న: “అమ్మా, జుట్టుకి ఏమైనా మాత్ర వాడుతున్నారా?” అవునంటే మాత్ర ఆపాలి. కిడ్నీ బాగున్నవాళ్లకు రెండు మూడు రోజులు ఆపితే సరిపోతుంది. ఈమెకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఎన్ని రోజులన్నది ల్యాబ్‌ను ఏ యంత్రమో అడిగి తేల్చుకుని, వీలైతే బయోటిన్ వాడని యంత్రం ఉన్నచోట మళ్లీ చేయించి, ఆ అంకె చేతికొచ్చాకే కాల్సిట్రియాల్ సంగతి చూడాలి.